ఊరు విడిచిన ఆటలు

మా తమ్ముడు అమెరికాలో డెట్రాయిట్ నగరమున నున్నాడని పది సంవత్సరములుగా అడిగినవారి కెల్ల చెప్పుచు వచ్చితిని. వాడును అట్లే చెప్పుచుండెను. క్రిందటి వేసవి సెలవులలో వాని యింట నెలదినము లుండిన పిమ్మట ఆ మాట సత్యము కాదని తెలిసినది. వాని యిల్లు డెట్రాయిట్‌లో లేదు. దానికి ఉత్తరముగా, ఓక్లండ్ కౌంటీలోని ట్రాయ్ అను శివారు పట్టణములో నున్నది. వారు నగరములోనికి పోవుట యేడాదికి రెండు మూడు మారులు మాత్రమే.

ఒకనాడు ఈ సంగతి పరిహాసముగా నెత్తగా వాడు నవ్వి, "మమ్మల్నే అంటావేం అన్నయ్యా? ఇక్కడి ఆటల జట్లు కూడా చాలాకాలం ఇలాగే చేశాయి" అని నన్ను కారులో పాంటియాక్ పట్టణమునకు తీసికొనిపోయెను. అచ్చట చూపినది అమెజాన్ వారి పెద్ద గిడ్డంగి. ఒకప్పుడు ఆ చోటనే ఎనుబదివేలమంది కూర్చుండదగిన 'సిల్వర్‌డోమ్' అను క్రీడామందిర ముండెను.

కథ యిది. డెట్రాయిట్ లయన్స్ అను ఫుట్‌బాల్ జట్టు 1974 వరకు నగరములోనే, బేస్‌బాల్ వారి మైదానమున ఆడుచుండెను. 1975లో నగరమునకు సుమారు 30 మైళ్ల దూరమున పాంటియాక్‌లో 5 కోట్ల 57 లక్షల డాలర్లతో కట్టిన ఆ మందిరమునకు తరలిపోయెను. 1978లో డెట్రాయిట్ పిస్టన్స్ అను బాస్కెట్‌బాల్ జట్టు దాని వెంట పోయి, 1988లో పొరుగుననే ఆబర్న్ హిల్స్‌లో క్రొత్తగా కట్టిన 'ప్యాలెస్' చేరెను. మంచుహాకీ జట్టును గూడ పాంటియాక్ వారు పిలుచుచుండగా, నగరమునకు మొదటి నల్లజాతి మేయరైన కోల్మన్ యంగ్ నదియొడ్డున మరియొక మందిరము కట్టించి దానిని నిలుపుకొనెను.

ఊరు విడిచిన రెండు జట్లును తమ పేరులోని 'డెట్రాయిట్' అను మాటను మాత్రము విడువలేదు. నామరూపములలో రూపము శివారునకు పోయినది. నామము నగరము సొత్తుగానే ఉండి వారికి పనికివచ్చినది.

దీనికి జట్ల యజమానుల లాభాపేక్షయే కారణమనుట న్యాయము కాదు. ప్రేక్షకులే ముందుగా వెడలిపోయిరి. 1950లో ఆ నగర జనసంఖ్య 18,49,568, 2020లో 6,39,111. కర్మాగారములు శివారులకు పోయినవి. క్రొత్త రాజమార్గములు పాత పేటలను చీల్చినవి. 1967 జూలై నాటి అల్లరులలో 43 మంది మరణించిరి. అన్నిటికంటె లోతైన కారణము వర్ణభేదము. 1941లోనే నగరపు ఉత్తరభాగమున నల్లవారి యిండ్లకును, తెల్లవారికై కట్టదలచిన యిండ్లకును నడుమ అరమైలు పొడవున ఆరడుగుల గోడ నిలిపిరి. ఆ గోడ యున్నగాని గృహఋణములకు ప్రభుత్వపు హామీ దొరకకపోయెను. ఆ గోడ యిప్పటికిని నిలిచియున్నది; దానిమీద రంగుల బొమ్మలు వ్రాసినారు. నేను దానిని చేతితో తాకి చూచితిని.

మన గ్రామములలో ఊరు నడుమ నుండి వాడను వెలుపల నుంచినది. అక్కడ ఊరే వెలుపలికి పోయి వాడను నడుమ విడిచినది. దిక్కులు మారినవి గాని దూరము మారలేదు.

ఉపాధ్యాయుడను గనుక నన్ను మరియొక సంగతి యెక్కువగా బాధించినది. డెట్రాయిట్ బడులలో నల్లపిల్లలను వేరుగా నుంచుటకు ప్రభుత్వ చర్యలే కారణమని క్రింది న్యాయస్థానము తేల్చి, చుట్టునున్న 53 శివారు బడి మండలములను గూడ కలుపుకొని పిల్లల నందరిని కలిపి చదివింపవలెనని నిశ్చయించెను. 1974 జూలైలో అమెరికా సుప్రీంకోర్టు అయిదుగురు నలుగురుగా చీలి ఆ తీర్పును కొట్టివేసెను. శివారుల తప్పు రుజువు కాలేదు గనుక వారి సరిహద్దును దాటరాదనిరి. ఒక మహానగరము జాతినిబట్టి రెండు నగరములుగా చీలిపోవునని న్యాయమూర్తి థర్‌గుడ్ మార్షల్ తన భిన్నాభిప్రాయములో హెచ్చరించెను. మరుసటి యేడే లయన్స్ జట్టు అదే సరిహద్దును దాటినది. జట్టునకు అడ్డురాని గీత పిల్లవానికి అడ్డువచ్చినది!

జట్లు శివారునకు మాత్రము స్థిరముగా దక్కెనా? లయన్స్ 2002లోను, పిస్టన్స్ 2017లోను నగరమునకు తిరిగివచ్చినవి. సిల్వర్‌డోమ్ 2009లో 5,83,000 డాలర్లకు వేలములో అమ్ముడై, 2017లో నేలమట్టమైనది. ప్యాలెస్‌ను 2020లో కూల్చిరి. లాభమునకు వచ్చినది లాభమునకే పోయినది. ఆటలు తిరిగివచ్చెను గాని, 1974లో బడిలో నున్న పిల్లలకు ఆ బాల్యము తిరిగిరాదు.

ఇదంతయు ఆ రాత్రి భోజనమువేళ ఆవేశముతో చెప్పుచుండగా, పదకొండేండ్ల మా తమ్ముని కుమార్తె, "పెదనాన్నా, అన్నయ్య మీ బడిలోనే చదువుతున్నాడా?" అని యడిగెను. ఆ బిడ్డ తెలియకయే యడిగినది. నేను మంచినీళ్లు త్రాగి మాట మార్చితిని.

నేను కృష్ణాతీరమున నొక చిన్న పట్టణములో జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో పంతులను. మా కుమారుడు చదువునది ఊరి వెలుపల నున్న ప్రైవేటు బడిలో. ఉదయము ఏడు గంటలకు వాని బస్సు మా పాఠశాల ద్వారము ముందునుండియే పోవును. నేను ఉద్యోగమున చేరిననాడు తరగతికి అరువదిమంది యుండిరి; నేడు ఇరువదిమంది. వర్తకుల బిడ్డలు మొదట పోయిరి, ఉద్యోగుల బిడ్డలు తరువాత, మా పంతుళ్ల బిడ్డలు కడపట. మిగిలినవారు కూలివారి పిల్లలు. మంచినీటి కొళాయి చెడి మూడు నెలలైనను అడుగువాడు లేడు. అడుగగలవారి బిడ్డ లెవ్వరును ఆ నీరు త్రాగరు.

ఇంటికి వచ్చిన పిదప ఈ మాట నా భార్యతో నంటిని. "మీ ఆదర్శానికి పిల్లవాడి చదువు ఒడ్డుతారా?" అని ఆమె యడిగెను. ఆ ప్రశ్న అన్యాయమైనది కాదు. నాయొద్ద సిద్ధమైన సమాధానము లేదు.

మా విద్యార్థుల తండ్రులు అప్పుడప్పుడు, "మీ అబ్బాయి ఎక్కడ చదువుతున్నాడు మాస్టారూ?" అని యడుగుదురు. ఇన్నాళ్లు నేను "ఊళ్లోనే" అనుచుంటిని. అది లయన్స్ జట్టు తన పేరు చెప్పుకొన్నంత సత్యము. ఇకమీదట అడిగినవారికి ఉన్నదున్నట్లు చెప్పుదునని నిశ్చయించుకొంటిని. కొళాయిని గూర్చి పై అధికారులకు అర్జీ వ్రాసి తండ్రులచేత సంతకములు చేయించితిని. పిల్లవాని సంగతి మా యింటిలో ఇంకను తేలలేదు.