నోరు పెగలని ఒక్క నిమిషం



ఈసారి గోడపత్రికకు ఏదన్నా రాయమని ఎడిటర్ అన్న అడిగితే కవిత రాద్దామనుకున్నాను. రెండు రోజులు పెన్ను కొరికినా ఒక్క లైను రాలేదు. చివరికి నాకు జరిగిందే రాస్తున్నాను. ఇందులో నా పరువు కొంచెం పోతుంది. పోతే పోనీ.

ఇంటర్ ఫస్టియర్ ఇంగ్లీషుకు 2023-24 నుంచి 20 మార్కుల ప్రాక్టికల్స్ పెట్టారు కదా. అందులో ఇచ్చిన విషయం మీద కొద్దిసేపు లేచి మాట్లాడాలి. జూలైలో మా ఇంగ్లీషు సారు క్లాసులో ఆ అభ్యాసం మొదలుపెట్టారు. ఒక్కొక్కరికి ఒక్క నిమిషం. నాకు వచ్చిన విషయం 'మా ఊరు'. ఇంత సులువైనది ఇంకొకటి ఉంటదా అని లోపల సంతోషపడ్డాను. ముందురోజు రాత్రి గైడులో ఉన్న పేజీ మొత్తం బట్టీ పట్టాను. ఆ పేజీలో ఊరికి నది ఉంది, కొబ్బరిచెట్లు ఉన్నాయి. మా తండాకు నది లేదు, కొబ్బరిచెట్టు అసలే లేదు. దేవరకొండ దిక్కు గుట్టల నడుమ ఉంటది మా తండా. ఉన్నవి కంపచెట్లు, పత్తిచేన్లు, ఒక బోరు.

తెల్లారి లేచి నిలబడి, "మై విలేజ్ ఈజ్ ఆన్ ది బ్యాంక్స్ ఆఫ్..." అన్నాను. ఏ నదో గుర్తు రాలేదు. అంతే, నోరు పెగల్లేదు. కాళ్లు వణుకుతున్నాయి, నాలుక ఎండిపోయింది. వెనక బెంచీ నుంచి ఎవరో "నది ఎండిపోయింది సార్!" అన్నారు. క్లాసంతా ఒకటే నవ్వు. ఆ నిమిషం నాకు ఒక పూటంత అయింది.

ఆ రాత్రి అన్నానికి పోలేదు. డార్మెటరీలో దుప్పటి కప్పుకొని పడుకుంటే వార్డెన్ సారు లెక్క చూసుకుంటూ వచ్చి లేపారు. సంగతి విని నవ్వలేదు, తిట్టలేదు. గాంధీ గురించి చెప్పారు. లండన్‌లో బారిష్టరు చదివి 1891లో తిరిగొచ్చిన గాంధీ, బొంబాయిలో ఒక చిన్న కోర్టులో తన మొదటి కేసుకు సాక్షిని అడగడానికి లేస్తే తల తిరిగిందట. ఒక్క ప్రశ్న కూడా రాక కూర్చుండిపోయి, తీసుకున్న ఫీజు వాపసు ఇచ్చాడట. ఈ సంగతి ఆయనే ఆత్మకథలో రాసుకున్నాడు. "ఆయన ఫీజు వాపసు ఇచ్చిండు. నువ్వు అన్నం మానేసినవ్. లే, తిను. రేపటి నుంచి మెస్సులో మెనూ నువ్వే చదవాలె" అన్నారు సారు.

అట్లా నా అసలు క్లాసు డైనింగ్ హాల్లో మొదలైంది. నేను గుమ్మం దగ్గర నిలబడాలి. హాలు ఆ చివర వంటగది. మధ్యలో ప్లేట్ల చప్పుడు, చిన్నపిల్లల లొల్లి. వంటక్కకు వినబడితేనే పాసు. మొదటి రోజు వంటక్క గరిటె పట్టుకొని బయటికి వచ్చి "ఏందిరా, నీలో నువ్వే అనుకుంటున్నవా?" అన్నది. రెండో రోజు అరిచాను. గొంతు బొంగురుపోయింది గానీ మాట అర్థం కాలేదు. మూడో రోజు సారు చెప్పారు: అరవడం వేరు, వినిపించడం వేరు. ఊపిరి నిండా తీసుకొని, నోరు బాగా తెరిచి, నిదానంగా చెప్పాలి. నాకు వాక్యం చివర మింగేసే అలవాటు ఉందట. "ఈరోజు టమాట పప్పు, సాంబారు, గుడ్డు" అంటే గుడ్డు వినబడదు. గుడ్డు వినబడకపోతే హాస్టల్ పిల్లలు ఊరుకుంటారా! ఆ భయంతోనే వాక్యం చివరిదాకా పలకడం వచ్చింది.

ఇంకొకటి నార్కట్‌పల్లి బస్టాండులో నేర్చుకున్నాను. బస్సు కోసం కూర్చున్నప్పుడు మైకులో చెప్పే ఆయనను గమనించాను. ముందు ఊరి పేరు చెప్పి ఆగుతాడు. మళ్లీ అదే పేరు చెప్పి, ప్లాట్‌ఫారం నంబరు చెబుతాడు. తొందర పడడు. అంత రద్దీలో మూటలతో ఉన్న ముసలమ్మ కూడా విని లేస్తది. వినేవాళ్లకు ఏం కావాలో అదే ముందు చెప్పాలి, చెప్పినంక ఆగాలి అని అప్పుడు తెలిసింది.

ఇంగ్లీషు సారు దగ్గర నేర్చుకున్నవి కూడా మీకు పనికొస్తాయని రాస్తున్నాను. మొత్తం బట్టీ పట్టొద్దు. ఒక్క మాట జారితే వెనకున్నవన్నీ దానితోపాటే జారిపోతాయి. మొదటి వాక్యం, చివరి వాక్యం మాత్రం గట్టిగా గుర్తు పెట్టుకోవాలి. నడుమ మూడు విషయాలు చాలు, మూడు వేళ్ల మీద లెక్కపెట్టుకోవాలి. ఆగిపోతే భయపడొద్దు. మనకు చాలాసేపు అనిపించే ఆ మౌనం వినేవాళ్లకు రెండు క్షణాలే. అన్నిటికంటే ముందు, మనకు తెలిసిన దాని గురించే మాట్లాడాలి. లేని నది గురించి మాట్లాడితే అది ఎండిపోక ఏమైతది!

ఇంతవరకు బాగానే ఉంది. కానీ లైబ్రరీలో తెలంగాణ చరిత్ర పుస్తకం చదువుతుంటే ఒకచోట నా మనసు ఆగిపోయింది. 1921 నవంబరులో హైదరాబాదులో, వివేకవర్ధని థియేటర్లో సంఘసంస్కరణ సభ జరిగింది. మహర్షి కార్వే అధ్యక్షుడు. మిగతా భాషల్లో మాట్లాడితే విన్నారు. ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు తెలుగులో మొదలుపెట్టగానే గేలి చేశారు, మాట్లాడనీయలేదు. ఆ అవమానం నుంచే ఆంధ్రజన సంఘం పుట్టింది. అదే పెరిగి ఆంధ్ర మహాసభ అయింది. మొదటి మహాసభ 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన జరిగింది. రెండోది 1931లో మా దేవరకొండలోనే, బూర్గుల రామకృష్ణారావు గారి అధ్యక్షతన. మా దేవరకొండ పేరు చూసి మొదట గర్వపడ్డాను. వెంటనే సిగ్గేసింది.

ఎందుకంటే ఆగస్టులో ప్రేయర్ దగ్గర ఆరో తరగతి తమ్ముడొకడు వార్తలు చదువుతూ, తెలుగు మాట దొరకక నడుమ మన లంబాడి మాట అన్నాడు. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. నేనూ లంబాడోణ్ణే. మా ఇంట్లో యాడి నన్ను పిలిచేదీ, తిట్టేదీ ఆ భాషలోనే. నెల కింద నన్ను చూసి నవ్వితే అన్నం మానేసినవాణ్ణి, ఆ తమ్ముడు ఆ రోజు తిన్నాడో లేదో చూడను కూడా లేదు.

దసరా సెలవులకు ఇంటికి పోయాను. తండాలో గ్రామసభ పెట్టారు. వేపచెట్టు కింద కుర్చీలు, ఒక మైకు. మా దాది లేచి లంబాడిలో "పాణి కోని" అని మొదలుపెట్టింది. నీళ్లు లేవు అని. రాసుకునే ఆయన తల ఎత్తకుండా "తెలుగులో చెప్పమ్మా" అన్నాడు. దాది తెలుగులో రెండు మాటలు తడబడింది. నవ్వింది బయటోళ్లు కాదు, మా తండా పోరగాళ్లే. దాది కొంగు నోటికి అడ్డం పెట్టుకొని కూర్చుంది.

నాకు డైనింగ్ హాలు గుర్తొచ్చింది. లేచాను. కాళ్లు అప్పుడూ వణికాయి, అబద్ధం చెప్పను. ముందు దాది అన్న మాట లంబాడిలోనే మళ్లీ అన్నాను. తర్వాత తెలుగులో మూడు వేళ్లు లెక్కపెట్టి చెప్పాను. ఒకటి, బోరు మోటారు కాలి పన్నెండు రోజులైంది. రెండు, ఆడవాళ్లు చేన్ల బావికి పోయి నీళ్లు మోస్తున్నారు. మూడు, బడి దగ్గర చేతిపంపుకు పైపులు వేస్తే అప్పటిదాకా గడుస్తది. "మా దాది చెప్పింది ఇదే. ఆమె పేరు మీదనే రాసుకోండి సార్" అని కూర్చున్నాను. నిమిషం కూడా పట్టలేదు. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆయన దాది పేరు అడిగి రిజిస్టరులో రాసుకున్నాడు.

మోటారు వెంటనే రాలేదు. నేను హాస్టలుకు వచ్చేదాకా నీళ్లు మోస్తూనే ఉన్నారు. దీపావళి తర్వాత ఫోను చేస్తే బాగు చేసినరని యాడి చెప్పింది. నా మాట వల్లనే అయిందని నేను అనుకోను. కానీ దాది మాట కాగితం మీదికి ఎక్కింది. మన భాషకు సొంత లిపి లేదు. నోరే దానికి పలక. ఆ నోరు నవ్వులకు మూతపడితే ఇంక ఏం మిగలదు.

సెలవుల నుంచి వచ్చినంక ఆ ఆరో తరగతి తమ్ముడి దగ్గరికి పోయి తప్పయిందని చెప్పాను. వాడికి ఆ సంగతి బాగా గుర్తుంది. "నువ్వే గదన్నా గట్టిగా నవ్వింది" అన్నాడు. ఇప్పుడు మెనూ వాడూ నేనూ రోజు మార్చి రోజు చదువుతున్నాం. వంటక్క వాడికి నాకంటే ముందే పాసు మార్కులు వేసింది.

మిత్రులారా! నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మాట్లాడే నోరు ఒక్కటే మంచిదైతే చాలదు, వినే చెవి కూడా మంచిది కావాలి. మాట్లాడడం నేర్చుకోవడంలో సగం, ఎదుటివాడు తడబడ్డప్పుడు ఆగి వినడం. వార్డెన్ సారుకు నాదొక మనవి. ప్రతి శనివారం రాత్రి భోజనాల తర్వాత పది నిమిషాలు ఇప్పించండి. రోజుకు అయిదుగురు, రెండేసి నిమిషాలు. తెలుగు, ఇంగ్లీషు, లంబాడి, ఎవరికి వచ్చిన భాషలో వాళ్లు. నియమం ఒక్కటే, ఎవరూ నవ్వొద్దు.

మొదటి శనివారం నేనే మాట్లాడతాను. విషయం 'మా ఊరు'. ఈసారి నది ఉండదు.

— ఇంటర్ ప్రథమ సంవత్సరం విద్యార్థి, నార్కట్‌పల్లి