రెండు కార్డుల ఊళ్లు
పాత ఆదిలాబాద్‌లోని కెరమెరి మండలంలో పరందోళి, ముకదంగూడ లాంటి సరిహద్దు ఊళ్లు తెలంగాణవే అని మనం అంటాం. కాదు, చంద్రపూర్ జిల్లావని మహారాష్ట్ర అంటుంది. అక్కడ చాలామందికి రెండు రాష్ట్రాల ఓటరు కార్డులు, రేషన్ కార్డులు ఉన్నాయి. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం ఒకరి పేరు ఒక్క నియోజకవర్గంలోనే ఉండాలి. అది చూపించి ఆ జనాన్ని తప్పుపట్టేవాళ్లంటే నాకు కోపం. కార్డులిచ్చింది ప్రభుత్వాలే కదా!

చిక్కు కార్డులతోనే ఆగదు. ఇక్కడ కరీంనగర్‌లో ప్రభుత్వ ఉద్యోగాలకు మా పిల్లల స్థానికత పుట్టిన ఊరిని బట్టి రాదు. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఒకటి నుంచి ఏడో తరగతి దాకా ఎక్కువేళ్లు ఎక్కడ చదివితే అక్కడే స్థానికులు. మరి పరందోళిలో మరాఠీ బడికి పోయే పిల్ల ఎక్కడి స్థానికురాలు? ఇన్ని కార్డులున్నా, దున్నే భూమికి పట్టా లేని రైతులు అక్కడ ఎందరో. సరిహద్దు తేల్చేదాకా ఆగకుండా, ముందు వాళ్లకు పట్టాలివ్వాలి.