కిన్నెరసాని యొడ్డున

భద్రాచలమునకు రైలులో పోవు సోదరీమణులు 'భద్రాచలం రోడ్' స్టేషనులో దిగుదురు గదా. ఆ స్టేషను నిజమునకు కొత్తగూడెములో నున్నది. స్వామి సన్నిధికి అచటినుండి యింకను సుమారు 40 కిలోమీటర్లు పోవలెను. దారిలో పాల్వంచ వచ్చును. అచట పెద్దబాట విడిచి యడవివైపు తిరిగినచో కిన్నెరసాని జలాశయము చేరవచ్చును. మాఘమాసమున దర్శనము చేసికొని మరలివచ్చుచు మేము ఆ ప్రక్కకు పోయితిమి.

అత్తవారింటి బాధల కోర్వలేక కరిగి నీరైన కోడలే కిన్నెర యనియు, ఆమె మగడు రాయియై నిలిచె ననియు విశ్వనాథ సత్యనారాయణగారు 'కిన్నెరసాని పాటల'లో చెప్పిరి. (అత్తగారలు మన్నింతురు గాక!) ఆనకట్ట వెనుక ఆ నీరు గుట్టల నడుమకు చొచ్చుకొనిపోయి కన్నులపండువుగ నున్నది. చుట్టునున్న 635 చదరపు కిలోమీటర్ల యడవిని 1977లో అభయారణ్యముగ ప్రకటించిరి.

జనము విశేషముగ గూడునది జింకల పార్కు వద్ద. మనిషి అలికిడికే పరుగిడవలసిన చుక్కల దుప్పులు కంచెకడకు వచ్చి మూతులు చాచుచున్నవి. ఒక తల్లి తన బిడ్డచేత కారపుబూందీ వేయించుచుండెను. బిడ్డ మురిపెము మాకును ముద్దుగనే తోచినది. కాని నెమరువేయు జంతువునకు అది తగిన మేత కాదు. పొట్లముతోపాటు ప్లాస్టికు సంచి గూడ లోనికి పోయెనా, కడుపులో అరుగక అడ్డుపడి ప్రాణము తీయును. జపానులో జిగొకుదాని యను లోయయందు వేడినీటి గుండములో జలకమాడు కోతులను చూచుటకు దేశదేశములవారు పోవుదురు. 1964లో ఏర్పడిన ఆ వనములో కోతులకు మేత పెట్టుట పనివారి వంతు. చూడవచ్చినవారు గింజయైనను పెట్టరాదు. ఆ నియమము మనకు మనమే పెట్టుకొనిన నేమి?

పడవలో కొంతదూరము పోగా, ఒడ్డున మొసలి యొకటి ఎండ కాచుకొనుచు కనబడెను. పడవవాడు చూపువరకు మేము దానిని దుంగ యనియే తలచితిమి. దానికెవరును మేత వేయలేదు. అదియు మా వంక చూడలేదు. ఈ జాతి మొసలి గట్టున గుంట త్రవ్వి గ్రుడ్లు పెట్టును. పిల్లలు లోపలినుండి అరచినపుడు మన్ను తొలగించి, వానిని నోట నిడుకొని నీటికి చేర్చును. ఆ కోరల నడుమ నంత లాలనయా!

అడవిదున్న, ఎలుగు, కొండగొర్రె ఈ యడవిలో నున్నవే గాని ఒక్కపూట వచ్చిపోవువారికి కనబడుట అరుదు. కనబడుట మేలని తలచువారము మనమే. బాటప్రక్కన అడ్డాకుల విస్తళ్లు కుట్టుచున్న కోయ యిల్లాలిని "ఎలుగు కనబడునా?" యని మావారిలో నొకరు అడుగగా, "కనబడొద్దని మొక్కుకుంటామమ్మా" అనెను. ఎండకాలము మొదట ఇప్పపూలు రాలును. అవి ఆమెకు ఇంటి ఖర్చు, ఎలుగునకు ఆహారము. ఇరువురును తెల్లవారకమునుపే ఒకే చెట్టుక్రిందికి వత్తురు. అందుచే ఆడువారు ఒంటరిగ పోక, నలుగురైదుగురు కూడి, బిగ్గరగ మాటలాడుకొనుచు పోదురట. ఆ సందడి విని ఎలుగు ప్రక్కకు తొలగిపోవునట.