కొల్లేటి గట్టున మెడ వాల్చిన బాతు

మే నెలలో కొల్లేరుకు వెళ్తే సరస్సును వెతుక్కోవాలి. కైకలూరు దాటి, ఆటపాక పక్షుల కేంద్రం పక్క నుంచి లోపలికి పోతే నీళ్ళు తీసిన చోటల్లా నల్ల బురద, ఎండిన కిక్కిస, అక్కడక్కడా మడుగులు. దాళ్వా కోతలయ్యాక రాలిన గింజల కోసం బాతుల మందలు పొలాల మీద పడే కాలం ఇది. మంద వెంట ఊరూరా తిరిగే కాపరులు ఇక్కడ ఇంకా ఉన్నారు. బాతుకు ఉన్నట్టుండి ప్రాణం మీదికొస్తే వీళ్ళు ఇంటి దగ్గర ఏం చేస్తారో చూద్దామని అలాంటి ఒక కుటుంబం దగ్గరికి వెళ్ళాను.

ఇంటాయన మందతో పొలాల మీదున్నాడు. ఇంట్లో ఆయన భార్య, బడి సెలవులకొచ్చిన మనవరాలు. పెరట్లో పది పన్నెండు బాతులు ఆ పిల్ల పెంపకం. రాత్రి వల దొడ్డిలో మూసి, పొద్దున గుడ్లు ఏరాకే వదులుతారు. బాతు సాధారణంగా తెల్లవారుజామునే గుడ్డు పెడుతుంది. ముందే తలుపు తీస్తే ఆ గుడ్డు బోదె పాలు.

నేను వెళ్ళేసరికి పెద్దావిడ వేపచెట్టు నీడలో ఒక బాతును ముందు పెట్టుకుని కూర్చుంది. దాని కాళ్ళు వెనక్కి జాపేసి ఉన్నాయి. రెక్కలు నేలకు జారాయి. తల నిలవడం లేదు. తువ్వాలు చుట్టగా చుట్టి గొంతు కింద పెట్టిందావిడ.

"రాత్రి బానే మేసిందండీ. పొద్దున దొడ్డి తీస్తే అన్నీ వచ్చాయి, ఇదొక్కటీ రాలేదు. మెడ వాల్చేసింది."

"నీళ్ళు పట్టారా?"

"వద్దన్నారండి డాక్టరుగారు. మింగలేనిదానికి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోద్దంట. నీళ్ళలోకీ వదలొద్దన్నారు. తల ఎత్తలేక మునిగిపోద్ది కదండీ."

ఫోనులో చెప్పిన ఆ రెండు మాటలే అప్పటికి ఆ బాతును బతికించి ఉంచాయి. బాతుకు గాలి పోయే దారి నాలుక మొదట్లోనే తెరుచుకుని ఉంటుంది. కంగారులో ముక్కు తెరిచి గ్లాసుతో నీళ్ళు పోస్తే అవి తిన్నగా అటే పోతాయి. గట్టిగా అదిమి పట్టుకోవడమూ ప్రమాదమే. పక్షికి మనకున్నట్టు పొట్టకూ రొమ్ముకూ మధ్య ఊపిరాడించే కండరపు తెర లేదు. రొమ్ము ఎముక కదిలితేనే గాలి ఆడుతుంది. ప్రేమకొద్దీ గుండెకు హత్తుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు.

కాసేపటికి డాక్టరు మోటారు సైకిలు మీద వచ్చారు. బాతు కాలు గిల్లి చూశారు, లాక్కోలేదు. కనుపాప మీది పొర సగం మూసుకుని ఉంది. సంచిలోంచి సన్నటి రబ్బరు గొట్టం తీసి, బాతు ముక్కు నుంచి పొట్ట దాకా బయటే కొలిచి గుర్తు పెట్టుకున్నారు. తర్వాత దాన్ని గొంతులోకి నెమ్మదిగా దించి, ఓఆర్ఎస్ నీళ్ళలో కలిపిన బొగ్గు మందు ఎక్కించారు. "ఈ గొట్టం పని మీరు చెయ్యకండి మామ్మగారూ, దారి తప్పితే చచ్చిపోద్ది" అన్నారు.

ఆయన అనుమానం బొటులిజం. బురదలో నిద్రపోతూ ఉండే ఒక సూక్ష్మజీవికి ఎండవేడి, కుళ్ళిన మాంసం, గాలి ఆడని చోటు దొరికితే విషం తయారుచేస్తుంది. చచ్చిన చేపకు పట్టిన పురుగులు ఆ విషాన్ని ఒంట్లో దాచుకుంటాయి. వాటికేం కాదు. వాటిని ఏరుకు తిన్న బాతుకు మాత్రం కాళ్ళు, రెక్కలు, మెడ వరసగా చచ్చుబడతాయి. గుప్పెడు అక్కర్లేదు, నాలుగు పురుగులు చాలు. ఆ బాతు చచ్చి, దానికి పురుగు పట్టి, దాన్ని ఇంకో బాతు తింటే జబ్బు మందంతా చుట్టేస్తుంది.

"మందు సగమేనండి. ఎక్కడ తిందో పట్టుకోవాలి" అని ఆయన బోదె వైపు నడిచారు. మనవరాలూ నేనూ వెంట వెళ్ళాం. మడుగు అంచున చచ్చిన శీలావతి చేప ఒకటి, తెల్లగా కదులుతున్న పురుగులతో కనిపించింది. పిల్ల చేతులకు సంచులు తొడుక్కుని దాన్ని పారతో ఎత్తింది. లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చారు.

తిరిగొచ్చాక మిగతా ప్రమాదాల మాట వచ్చింది. గుడ్డు అడ్డం పడి పెట్ట ముక్కుతుంటే గోరువెచ్చని నీళ్ళ తొట్టిలో నడుము దాకా కూర్చోబెట్టి, గుదం చుట్టూ కొబ్బరినూనె రాస్తుందట పెద్దావిడ. "నొక్కితే మాత్రం లోపల పగిలిపోద్దండీ" అంది. అలాంటి పెట్టకు కాల్షియం చాలిందో లేదో చూడాలన్నారు డాక్టరు. బాతుపిల్లలు కాళ్ళు వంకరపోయి కూలబడితే చాలాసార్లు కారణం నియాసిన్ లోపం; కోడిపిల్లల కంటే వీటికి ఆ విటమిన్ ఎక్కువ కావాలి. బూజు పట్టిన వేరుశనగ చెక్క, మొక్కజొన్న అసలు దగ్గరికి రానివ్వకూడదు. 1960లో ఇంగ్లండులో లక్ష దాకా టర్కీలు చచ్చిపోతే, ఆ చెక్కలోని బూజు విషమే కారణమని తేలింది. అఫ్లాటాక్సిన్ పేరు అలా బయటికొచ్చింది. ఆ విషానికి బాతుపిల్ల ఎంత సున్నితమంటే, మేతలో విషం ఉందో లేదో తేల్చే పరీక్షకు దాన్నే వాడేవారు.

ఒకటి పడిపోతే ఇంటి వైద్యానికి చోటుంది. ఒకేసారి నాలుగైదు పడిపోతే, ఆకుపచ్చగా పారుతూ కళ్ళు ఉబ్బితే, అది డక్ ప్లేగు కావచ్చు. దానికి మందు లేదు, ముందే వేయించే టీకా ఒక్కటే దారి. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల కోళ్ళలో బర్డ్ ఫ్లూ తేలిన సంగతి ఇక్కడెవరూ మరిచిపోలేదు. ఆ వైరస్ కొన్ని బాతుల్లో ఏ లక్షణమూ చూపకుండా తిరుగుతుంది. అలాంటప్పుడు చచ్చినవాటిని కోయకూడదు, అమ్మకూడదు, కాలవలో పారెయ్యకూడదు. 1962కు ఫోన్ చేస్తే పశువైద్య వాహనం వస్తుంది.

మధ్యాహ్నం దాటాక బాతు తువ్వాలు మీంచి తల కొద్దిగా లేపి మళ్ళీ దించింది. ఊపిరికి సాయపడే కండరాలు పట్టు తప్పకపోతే రెండ్రోజుల్లో తేరుకోవచ్చని, తప్పితే చేసేదేం లేదని డాక్టరు దాపరికం లేకుండా చెప్పారు. మనవరాలు ఏడుపు మొహం పెట్టింది. పెద్దావిడ మాత్రం అప్పటికే ఫోను చెవిన పెట్టుకుని పొలం మీదున్న భర్తతో మాట్లాడుతోంది. "ఇంటి దగ్గర దాన్ని చూస్తున్నాంలే. నువ్వు మందని మడుగుల వైపు తోలకు. గట్ల మీద చచ్చిన చేప కనపడితే ముందు దాన్ని పూడ్చు" అంది.