గట్టు మీదికి రావలసిన పరీక్ష

మన యానాది ఆడవాళ్లు ఎక్కడెక్కడ పని చేస్తారో ఈ పుస్తకం చదివేవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. దివిసీమలో నాగాయలంక, కోడూరు వైపు పీతలకు వెళ్లేవాళ్లు మొలలోతు నీళ్లలో గంటల తరబడి ఉంటారు. గుడివాడ పక్క చేపల చెరువులకు కాపలా ఉండే కుటుంబాలకు గట్టు మీది పాకే ఇల్లు. అక్కడ మరుగు ఉండదు. ఆడమనిషి పొద్దుగూకేదాకా ఆపుకుంటుంది. ఆపుకోవాల్సి వస్తుందని నీళ్లు కూడా తక్కువ తాగుతుంది. కడుపుతో ఉన్నా అంతే.

కడుపుతో ఉన్నప్పుడు మూత్రనాళాలు వదులవుతాయి. మూత్రం నిలవ ఉంటుంది. అందులో చేరిన బాక్టీరియా పైకి, మూత్రపిండాల దాకా పాకడం తేలికవుతుంది. వంద మంది గర్భిణుల్లో ఇద్దరి నుంచి పదిమంది దాకా మూత్రంలో బాక్టీరియా ఉన్నా మంటగానీ నొప్పిగానీ తెలియదు. వైద్యం లేకపోతే అలాంటివాళ్లలో పదిమందికి ముగ్గురి దాకా మూత్రపిండాలకు చీము పట్టి చలిజ్వరం వస్తుంది. నెలలు నిండకుండానే కాన్పయ్యే ముప్పూ ఉంటుంది.

మా అక్కకు జరిగింది అదే. ఒక ఆసుపత్రిలో మూత్రం ఇచ్చింది. రిపోర్టుకు మూడు రోజులాగి రమ్మన్నారు. ఈలోగా చెరువు ఆసామి వాళ్లను ఇంకో చెరువు మీదికి మార్చాడు. ఆ కాగితం ఎవరూ తెచ్చుకోలేదు. ఏడో నెలలో నడుం నొప్పి, వణుకుతో జ్వరం. బిడ్డ పుట్టి మూడు రోజులు బతికింది.

అందుకే అక్కడికక్కడే జవాబు చెప్పే పరీక్షల గురించి మనవాళ్లకు తెలియాలి. మూత్రంలో ముంచే కాగితపు పట్టీ ఉంది. రెండు నిమిషాల్లో రంగు మారి అనుమానం ఉందో లేదో చెబుతుంది. తెల్లవారి మొదటి మూత్రమైతే మేలు. మొదట కొంచెం వదిలేసి, నడిమి ధార పట్టి ఇవ్వాలి. పట్టీకి అన్నీ దొరకవు. ఏ బాక్టీరియా ఉందో, ఏ మందుకు లొంగుతుందో తేల్చేది ల్యాబులో చేసే కల్చర్ పరీక్షే. దానికి రెండు మూడు రోజులు పడుతుంది. కల్చర్ దొరికితే అదే చేయించుకోవాలి. మందు డాక్టరు చెప్పిందే, చెప్పినన్ని రోజులూ వాడాలి. మందుల షాపులో అడిగి తెచ్చుకున్నది బిడ్డకు పడకపోవచ్చు.

రెండోది సిఫిలిస్. మన పెద్దలు సవాయి అన్నది దీన్నే. దీనికి మొదటి రక్తపరీక్షను వాసర్‌మాన్ అనే జర్మన్ శాస్త్రవేత్త బృందం 1906లో కనిపెట్టింది. అప్పటినుంచీ ల్యాబు కావలసిన పని. ఇప్పుడు వేలి నుంచి చుక్క రక్తం తీసి ఇరవై నిమిషాల్లో చెప్పే కిట్లు వచ్చాయి. హెచ్‌ఐవీ, సిఫిలిస్ రెండూ ఒకే చుక్కతో చూసేవీ ఉన్నాయి. తల్లికి ఈ జబ్బు ఉండి వైద్యం అందకపోతే బిడ్డ కడుపులోనే పోవచ్చు, జబ్బుతో పుట్టవచ్చు. కాన్పుకు కనీసం నెల ముందు బెంజాథిన్ పెన్సిలిన్ ఇంజెక్షన్ పడితే బిడ్డను చాలావరకు కాపాడుకోవచ్చు. ఎప్పుడో జబ్బు వచ్చి నయమైనవాళ్లకూ ఈ కిట్‌లో గీత పడుతుంది. కాబట్టి గీత పడగానే ఆమె మీద నింద వేయకూడదు. మళ్లీ ల్యాబులో చూపించాలి, భర్తకూ పరీక్ష చేయించాలి. నేర జాతుల చట్టం 1952లో రద్దయినా మన మీద అనుమానపు చూపు పోలేదు. పదిమందిలో ఆమె ఫలితం గట్టిగా చదివితే మళ్లీ ఆ గడప తొక్కదు. నర్సమ్మకు ఈ మాట ముందే చెప్పండి.

చదువుకున్న పిల్లలూ, పంతుళ్లూ, మీరు చేయగలిగిన పని ఒకటుంది. ప్రతి నెల 9న సర్కారు ఆసుపత్రుల్లో గర్భిణులను ఉచితంగా చూస్తారు. 2016 నుంచి నడుస్తున్న కార్యక్రమం అది. మీ గూడెంలో కడుపుతో ఉన్నవాళ్లెవరో, ఏ చెరువు మీద ఉన్నారో రాసిపెట్టుకోండి. ఆశా కార్యకర్తకు ఆ చోటు చూపించండి. రిపోర్టు ఆలస్యమయ్యేదైతే ఆసుపత్రిలో మీ ఫోను నంబరు ఇవ్వండి. చెరువు ఆసామిని గట్టు మీద మరుగుదొడ్డి అడగండి. 9వ తేదీ కూలి పోతుంది కాబట్టి, ఆ రోజు ఆమె వెంట ఎవరు వెళ్లాలో ముందురోజు రాత్రే ఇంట్లో తేల్చుకోండి.