లండనులో మన రాళ్ళు

తిరుపతిలో ఉండేవాళ్ళకు చుట్టాలొస్తే కొండకు తీసుకెళ్ళడమే పని. మనం ఊళ్ళు తిరగడం తక్కువ. అలాంటిది కిందటేడు వేసవిలో తమ్ముడి బలవంతం మీద నేనూ మావారూ లండన్ వెళ్ళొచ్చాం. ఇంటర్‌తో చదువు ఆపేసినదాన్ని, నా ఇంగ్లీషు అంతంతమాత్రమే. అయినా ఏం ఇబ్బంది పడలేదు లెండి!

మొదటిరోజు థేమ్స్ నది ఒడ్డున పార్లమెంటు చూశాం. బిగ్‌బెన్ అంటే ఆ పెద్ద గడియారమే అనుకునేదాన్ని. కాదట, లోపలున్న గంట పేరట. అది మోగడం మొదలైంది 1859లో. ఈ సంవత్సరం గుర్తుంచుకోండి, మళ్ళీ చెబుతాను.

మీరు వెళితే నాదొక సలహా. కాఫీ తాగినప్పుడల్లా రూపాయల్లోకి లెక్కేసుకోకండి, తాగింది వంటబట్టదు! మేం పులిహోర కలుపుకుని వెళ్ళి పార్కులో తిన్నాం. బ్రిటిష్ మ్యూజియంలో మామూలు ప్రదర్శనలకు టికెట్ లేదు. అదొక్కటీ రోజంతా చూడొచ్చు.

అక్కడే, చైనా, దక్షిణాసియా వస్తువుల గదిని ఆనుకుని 33ఎ అని ఒక గది ఉంది. అద్దాల వెనక తెల్లటి రాతి పలకలు. అమరావతి స్తూపానివి! మన పలనాటి సున్నపురాయి. రెండు వేల ఏళ్ళనాటి ఆడవాళ్ళు చేతినిండా గాజులు, కాళ్ళకు లావుపాటి కడియాలతో నిలబడి ఉన్నారు. ఒక పలకకు రెండువైపులా చెక్కడమే. ఒకవైపు బోధి చెట్టు, దాని కింద ఖాళీ ఆసనం. కొన్ని వందల ఏళ్ళ తర్వాత అదే రాయిని తిరగేసి రెండోవైపు స్తూపం చెక్కారట. పాత చీరను పారేయకుండా బొంత కుట్టుకుంటామే, అలాగన్నమాట.

తొమ్మిదేళ్ళ మా మేనకోడలు నా కొంగు పట్టుకుని, "అత్తా, ఇది మీ స్టేటేనా? నువ్వు ఆ ఊరు చూశావా?" అంది.

చూడలేదు. తల దించుకున్నాను.

"మరి వీళ్ళెందుకు తెచ్చేసుకున్నారు?" అంది మళ్ళీ. దానికీ నా దగ్గర జవాబు లేదు.

ఇంటికొచ్చాక పుస్తకాలు తెప్పించుకుని చదివాను. వాల్టర్ ఇలియట్ అనే దొర 1845లో తవ్వించి కొన్ని శిల్పాలను మద్రాసుకు చేర్చాడు. 1859లో వాటిని లండనుకు పంపేశారు. ఆ గంట మోగిన ఏడాదే, మన రాళ్ళు ఓడెక్కాయి! తీసుకుపోయారని కోపం వచ్చిన మాట నిజం. కానీ అంతకుముందే ఎన్నో పలకలను మనవాళ్ళే ఇళ్ళకూ కట్టడాలకూ వాడేశారు, సున్నం కోసం కాల్చేశారు. అది చదివాక ఎవరిని తిట్టాలో తెలియలేదు.

ఇంకొకటి కూడా తెలిసింది. ఇంగ్లీషు కంపెనీకి మద్రాసులో కోట కట్టుకోనిచ్చింది 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడు. ఆయన విజయనగర రాయలకు లోబడినవాడు. ఆ కాలానికి హంపీ పోయి, చంద్రగిరి, వేలూరు ఆ రాయల రాజధానులు. అంటే మన పక్కనున్న చంద్రగిరి! శ్రీనివాస మంగాపురం వెళ్ళినప్పుడల్లా బస్సు కిటికీలోంచి "అదుగో కోట" అనుకుని వెళ్ళిపోయే చంద్రగిరి.

పోయిన ఆదివారం టిఫిన్ క్యారియర్ సర్దుకుని మావారితో అక్కడికెళ్ళాను. తిరుపతికి పన్నెండు కిలోమీటర్లే. రాజమహల్‌లోని మ్యూజియంలో ప్రతి బోర్డూ ఆగి చదివాను. "లండనులో కూడా ఇంతసేపు నిలబడలేదే నువ్వు!" అని మావారు నవ్వారు.

లండన్ వెళ్ళే వీలుంటే తప్పకుండా వెళ్ళండి, 33ఎ గది మాత్రం వదలకండి. వీలుకాకపోతే దిగులు వద్దు. అమరావతి శిల్పాలు మద్రాసు ఎగ్మూరు మ్యూజియంలోనూ ఉన్నాయి, అమరావతిలోనూ ఉన్నాయి. మేం వచ్చే నెల అమరావతికి టికెట్లు తీసుకున్నాం. సంక్రాంతికి మా మేనకోడలు వస్తోంది. ఈసారి అడిగితే "చూశానమ్మా" అని చెప్పాలి గదా!