రెండు పెట్టెలు – ఒక స్వరము

సంగీతము విషయములో తన చెవియే ప్రమాణమని ప్రతివారును పట్టుబడుదురు. ఈ పట్టుదల మా యింట కొన్ని వారములపాటు వాగ్వాదమునకు కారణమైనది.

దాదాజాన్ విడిచిపోయిన వస్తువులలో రెండు స్టీరియో ప్రీ ఆంప్లిఫయర్లు ఉన్నవి. రెండును ఇంగ్లండులో పీటర్ వాకర్ సంస్థ తయారుచేసినవే. ఒకటి 1959లో వెలువడిన వాల్వుల క్వాడ్ 22; రెండవది 1967లో వచ్చిన ట్రాన్సిస్టర్ల క్వాడ్ 33. చెల్లెలి చదువు ఖర్చుకై వీటిలో ఒకదానిని, దాని జత ఆంప్లిఫయరుతో సహా, అమ్మవలసి వచ్చినది. వాల్వులలోని మాధుర్యము వేరని భాయీజాన్ వాదన. ట్రాన్సిస్టర్లలో స్పష్టత ఎక్కువని మాలో మిగిలినవారి వాదన. అందుచేత, అమ్మకమునకు ముందు పరీక్ష జరుపుదమని నిశ్చయించుకొన్నాము.

గ్రామఫోను సూది నుండి వచ్చు విద్యుత్తు కొన్ని మిల్లీవోల్టులు మాత్రమే. పైగా, రికార్డు చెక్కునప్పుడు మంద్రస్వరములను తగ్గించి, తారస్వరములను పెంచుదురు. 1954 నుండి అమలైన ప్రమాణము ప్రకారము, ప్రీ ఆంప్లిఫయరు 20 హెర్ట్జుల వద్ద సుమారు 19 డెసిబెల్సు పెంచి, 20,000 హెర్ట్జుల వద్ద సుమారు 20 డెసిబెల్సు తగ్గించి, స్వరమును యథాస్థితికి తేవలెను. ఈ పనిని సరిగా నెరవేర్చిన రెండు యంత్రముల నడుమ భేదము స్వల్పముగానే ఉండవలెను గదా!

అయితే ఇందులో ఒక చిక్కు ఉన్నది. క్వాడ్ 22 తన ఆంప్లిఫయర్లకు 1.4 వోల్టులు అందించుటకు, క్వాడ్ 33 తన ఆంప్లిఫయరుకు 0.5 వోల్టు అందించుటకు నిర్మితమైనవి. ఈ తేడా సుమారు 9 డెసిబెల్సు. చెవి బిగ్గరగా వినబడిన దానినే మధురమని భ్రమించును. కావున రెండింటిని ఒకే ఆంప్లిఫయర్లకు కలిపి, 1,000 హెర్ట్జుల స్వరమున్న రికార్డు వేసి, స్పీకరు తీగల వద్ద మల్టీమీటరుతో కొలిచి సమానము చేసితిమి. పిమ్మట దుప్పటి అడ్డుకట్టి, నాణెము ఎగురవేసి, అది చెప్పిన పెట్టెను వినిపించితిమి.

దాదాజాన్‌కు ఉర్దూ, తెలుగు రెండును ప్రాణమే. అందుకని బేగం అఖ్తర్ గజళ్ళను, ఘంటసాల భగవద్గీతను ఎంచుకొన్నాము. ఆ గాయకులిద్దరును 1974లోనే గతించినారు. భాయీజాన్‌తో సహా ఎవరి ఊహయు నాణెముకంటె నమ్మదగినదిగా తేలలేదు. పాటకును పాటకును నడుమ నిశ్శబ్దములో వాల్వుల సన్నని బుసమాత్రము ఆనవాలుగా మిగిలినది. దాదీమాకు అదియు వినబడలేదు; వయసుతోపాటు మొదట సన్నగిల్లునది తారస్వరముల వినికిడియే.

భాయీజాన్ అప్పటికిని మౌనముగానే ఉన్నారు. ఆ పాత పెట్టె నాబ్ దాదాజాన్ వ్రేళ్ళ రాపిడికి నునుపెక్కినది. దానిని విడిచిపెట్టుట ఆయనకు కష్టమైనదని మాకందరికిని తెలియును.

అప్పుడు దాదీమా అన్నది: "బేటా, బేగం సాహెబా గొంతులోని ఆ జీర రెండింటిలోను వినబడినది. మీ దాదా పెట్టెను గాదు, ఆ జీరను ప్రేమించినారు. బిడ్డ చదువు ముఖ్యము."

క్వాడ్ 22కు కోరుకొనువారు ఎక్కువ గనుక దానినే ఇచ్చివేసితిమి. దానిని తుడిచి, గుడ్డలో చుట్టి, కొన్నవారి చేతికి అందించినది భాయీజానే. చెల్లెలు కళాశాలలో చేరినది. రికార్డులను మాత్రము ఒక్కటియు అమ్మలేదు.